కల్బాలో సాంబ్రాణి

అమెరికాలోని పాత ఊళ్ళన్నీ నేను దుబాయ్ కరామాలో, మా వంటింటి గోడ మీద చూశాను. ఏదో షిప్పింగ్ కంపెనీ వాళ్ళు మా ఆయనకిచ్చిన క్యాలెండర్ అది. నెలకొక ఊరు. తెల్లటి చెక్క చర్చి, ఎర్ర ఇటుక కొట్లు బారులు తీరిన వీధి, పైకప్పున్న వంతెన, ఏటి ఒడ్డున ఏనాటిదో పిండిమర. ఏ బొమ్మలోనూ ఒక్క మనిషి ఉండడు. అందర్నీ తరిమేసి ఫోటో తీశారేమో అనిపించేది. ఆ రోజుల్లో నాకా ఊళ్ళు నచ్చింది అందుకే. మనుషులుంటే ఏదో ఒకటి అడుగుతారు.

డెబ్భైల చివరి మాట ఇది. కరామాలో అప్పుడే కట్టిన ఇళ్ళలో మాకొక గది. పక్క గదిలో బొంబాయి నుంచి వచ్చిన దంపతులు. ఇద్దరూ ఉద్యోగస్తులే, పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. వంటిల్లు ఉమ్మడి. పగలంతా ఆ ఇంట్లో నేనూ, ఏసీ చప్పుడూ మిగిలేవాళ్ళం.

ఆ చలికాలంలో నాకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పుట్టి ఏడవలేదు. నాకు మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. మా ఆయన, ఆయనతో పనిచేసే డ్రైవర్లు ఇద్దరు కలిసి తీసుకెళ్ళి, ఊరి బయట ఇసకలో మనవాళ్ళకని వదిలిన చోట పూడ్చిపెట్టి వచ్చారు. నాకు చూపించలేదు. చూస్తే తట్టుకోలేనని ఎవరు తేల్చారో తెలియదు. నన్నయితే అడగలేదు.

మా నెల్లూరు వైపు కాన్పయిన మనిషి చుట్టూ ఇల్లంతా తిరుగుతుంది. చెవుల్లో దూది, నడుముకి బిగించి కట్టిన పాత చీర, నోట్లో కాయం ముద్ద. తలంటి పోసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన గంప బోర్లించి, దాని మీద జుట్టు ఆరబోస్తారు. నాకు ఇందులో ఒక్కటీ జరగలేదు. చేసేవాళ్ళు లేకపోవడం ఒక కారణం. అసలు కారణం వేరు. ఒళ్ళో బిడ్డ లేదు కాబట్టి నేను బాలింతనన్న సంగతే ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు చన్నీళ్ళు పోసుకుని పప్పుకి తాలింపు పెట్టాను. పాలొచ్చి రవికె తడిసిపోతే మార్చుకుని, మళ్ళీ వెళ్ళి పొయ్యి ముందు నిలబడ్డాను. ఏడవలేదు. మా ఆయనకి భయం పట్టుకుంది అక్కడే.

భయపడ్డ మగవాడు చేసే పని ఒకటే, ఏర్పాట్లు. "ఎండలు ముదిరేలోపల నువ్వు మామూలు మనిషివి కాకపోతే మీ అమ్మోళ్ళింటికి పంపిచ్చేస్తామే. ఈడ ఒక్కదానివే ఉండి ఏం చేస్తావు?" అన్నారు. మంచికే అన్నారు. నేను పోనని చెప్పాను. ఎందుకు పోవో చెప్పమంటే చెప్పలేదు.

కారణం నాకు తెలుసు. అమ్మ వాళ్ళింట్లో అందరూ అడుగుతారన్న బెంగ ఒకటి, కాదనను. కానీ దానికంటే పెద్దది ఉంది. ఆ పిల్ల ఇక్కడ ఉంది. నేను విమానం ఎక్కితే ఈ దేశంలో, ఈ ఇసకలో, దానికి తనదనేది ఏమీ ఉండదు. ఎక్కడుందో కూడా తెలియని బిడ్డకి నేను కాపలా ఉన్నాను. ఈ మాట పైకి అంటే పిచ్చెక్కిందని రేపే టిక్కెట్టు కొంటారని నోరు మూసుకున్నాను.

ఒకరోజు ఆయన మంచినీళ్ళకి వంటింట్లోకి వచ్చి, నేను క్యాలెండర్ ముందు నిలబడి ఉండడం చూశారు. గరిటె చేతిలోనే ఉంది, కూర మాడిపోతోంది.

"ఏందిమే అది? దినామూ దాన్నే చూస్తుండావు?"

"ఊళ్ళు."

"అమెరికా ఊళ్ళు చూపిచ్చే తాహతు మనకి యాడిది గానీ, పాత ఊళ్ళంటే నేను వారమంతా తిరిగేది వాటిల్లోనే గదా. రేపు నాతో వ్యానెక్కు. కల్బా, ఖోర్ ఫక్కాన్, దిబ్బా, అన్నీ చూపిస్తా."

మా ఆయన ఒక వర్తక కంపెనీ తరఫున సబ్బులూ, టీ పొట్లాలూ, పాలడబ్బాలూ వ్యాన్‌లో వేసుకుని చిన్న ఊళ్ళ కొట్లకి వేసి వచ్చేవారు. దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఈయన చూపించేవి దగ్గర కొండలు, నునుపు అసలే ఉండదు అనుకున్నాను. అయినా ఎక్కాను. ఇంట్లో ఉంటే ఏసీ చప్పుడు.

అట్లా కొన్ని నెలలు తిరిగాను, ఆయన చేపలకని ఒక్కరే పోయే శుక్రవారాలు తప్ప. దుబాయ్ దాటితే చాలు, ఇసక. ధైద్ దాటాక రాళ్ళు, మసాఫీ దగ్గర కొండలు, కొండలు దిగితే సముద్రం. మధ్యలో ఎక్కడో ఒక ఊరు. ప్రతి ఊళ్ళోనూ ఇంచుమించు అవే ఉండేవి. కూలిన మట్టి కోట, ఖర్జూరపు మట్టలతో అల్లిన పాత ఇళ్ళు, వాటి పక్కన ప్రభుత్వం కట్టించిన సిమెంటు ఇళ్ళు, ఒక మసీదు, మలయాళీ కొట్టు. రస్ అల్ ఖైమా దారిలో ఒక ఊరుంది, ముత్యాల కోసం మునిగేవాళ్ళదట. జనం మొత్తం ఊరు ఖాళీ చేసి పోయారు. సముద్రపు రాళ్ళు పేర్చి కట్టిన గోడలు, తీసే ఉన్న తలుపులు. గోడల్లో దీపాలకని వదిలిన గూళ్ళు అచ్చం మా ఇళ్ళల్లోలాగే. క్యాలెండర్‌లో ఊరికంటే అక్కడ మనుషులు తక్కువ. నేను ఒక గడప మీద కూర్చుంటే మా ఆయన గడియారం చూసుకుంటూ, "చూసింది చాల్లేమే, కొట్లు మూసేస్తారు" అన్నారు. ఊరే మూసేశారు, ఈయనకి కొట్ల గొడవ.

చెప్పొద్దూ, ఆయన పనిచేస్తుంటే చూడ్డం సరదాగానే ఉండేది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. మలయాళీతో మలయాళం, పఠానుతో ఉర్దూ, అరబ్బు షేక్ ఎదురైతే చెయ్యి గుండెకానించి వంగడం. ఒక్క సబ్బు పెట్టె ఎక్కువ దించడానికి ఎదుటివాడి పిల్లల క్షేమం పేరుపేరునా అడిగేవారు. నేను మాత్రం వ్యాన్‌లోనే. కొట్టువాడు పాపం ఒక కూల్‌డ్రింక్ పంపేవాడు. అద్దంలోంచి ఊరుని చూస్తూ తాగేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు నల్ల బట్టల్లో గోడల వెంబడి వెళ్ళిపోయేవారు. నేను వాళ్ళకి కనిపించేదాన్నో లేదో. ఖోర్ ఫక్కాన్‌లో సముద్రం వంపు తిరిగి ఉంటుంది, చుట్టూ కొండలు. అంత అందమైన చోటు నేను అంతకుముందు చూడలేదు. "ఈ ఊరిని పోర్చుగీసోళ్ళు తగలబెట్టారంట, ఎప్పుడో" అని మా ఆయన కొత్త రేవులో క్రేన్లు చూపిస్తూ చెప్పారు. అంత అందం ముందు కూర్చుని నాకు ఒక్కటే అనిపించింది, ఇది చూశావా అని చెప్పుకోవడానికి ఎవరూ లేరని. పక్కనే మొగుడున్నాడు. ఉన్నా అట్లాగే అనిపించింది.

ఎండలు ముదిరాయి. మా ఆయన నాతో అనకుండానే ట్రావెల్స్ వాళ్ళ దగ్గర టిక్కెట్టు సంగతి అడుగుతున్నారని నాకు తెలుసు. నేను మామూలు మనిషిని కాలేదు. నవ్వమంటే నవ్వేదాన్ని, తినమంటే తినేదాన్ని, అంతే.

కల్బాకి వెళ్ళింది ఆ రోజుల్లోనే. ఒడ్డున ఇసక మీద చిన్న చేపలు ఎండబోశారు, వెండి పరిచినట్టు ఊరు పొడుగునా. ఆ వాసన తగలగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా వైపు సముద్రపు ఊళ్ళన్నీ అదే వాసన. మా ఆయన కొట్లో లెక్కలు చూసుకుంటున్నారు. వ్యాన్ పొయ్యి మీద పెనంలా ఉంది. దిగి, ఎదురుగా ఉన్న పాత ఇంటి గోడ నీడకి వెళ్ళి నిలబడ్డాను.

ఆ ఇంటి తలుపు తీసి బకెట్టు నీళ్ళు పారబోయడానికి ఒకామె బయటికొచ్చింది. నా బొట్టునీ, చీర కట్టునీ చూసి బకెట్టు కింద పెట్టేసింది.

"అక్కా, నువ్వు తెలుగుదానివా?"

ఆ దేశంలో ఒక ఆడమనిషి నోట నేను తెలుగు విని ఎన్నాళ్ళయిందో. రాయచోటి దగ్గర పల్లె నుంచి ఆ ఇంట్లో పనికొచ్చిందట. సాయిబుల మనిషి. "రాక్కా లోపలికి, ఎండలో ఏంటికి నిలబడతావ్. మా పెద్దామె ఏమనదు. ఇంటి ముందర నిలబడినోళ్ళని పిలవకుంటేనే నన్ను తిడతాది" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. చాపల మీద ఎర్ర తివాచీ, గోడ వెంబడి దిండ్లు. పెద్దామె గోడకానుకుని కూర్చుని ఉంది. వాళ్ళ ముసలి ఆడవాళ్ళు పెట్టుకునే ముసుగు, ముక్కూ బుగ్గలూ కప్పేది, నీలిరంగు తిరిగిన గుడ్డ, మెరుస్తూ ఉంటుంది. దాని సందుల్లోంచి రెండు కళ్ళు నన్ను పైనుంచి కిందికి చూశాయి. ఆవిడకి అరబ్బీ తప్ప ఏదీ రాదు. నాకు ఖలాస్, యల్లా తప్ప అరబ్బీ రాదు. మధ్యలో రాయచోటి ఆవిడ.

ఖర్జూరాలొచ్చాయి, యాలకుల కాఫీ వచ్చింది, పుచ్చకాయ ముక్కలొచ్చాయి. ఏ ఊరు, మొగుడేం చేస్తాడు, ఆ బొట్టు కడుక్కుంటే పోతుందా పోదా. చివరికి రావలసిన ప్రశ్న రానే వచ్చింది.

"బిడ్డలెంతమంది అని అడుగుతాంది అక్కా."

"లేరు" అన్నాను.

రాయచోటి ఆవిడ ఆ మాట అరబ్బీలో చెప్పింది. పెద్దామె పైకి చూసి దేవుడి పేరేదో తలచుకుంది. కాసేపటికి పెద్దామె ఏదో అంటే, పనామె లోపలికెళ్ళి మట్టి ధూపం కుండ తెచ్చింది. నిప్పుల మీద ఊదు చెక్క ముక్క వేసి ఉంది. తెల్లటి పొగ, తియ్యటి, ఘాటైన వాసన. దాన్ని తెచ్చి నా ముందు పెట్టారు.

నాకు ఏమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నిప్పులు, పొగ, ఒక పెద్దామె, చీకటి గది. నా చేతులు వాటంతటవే జడ విప్పేశాయి. నేను పక్కకి వాలి, దిండు మీద తల పెట్టి, జుట్టంతా ముందుకి వేసి ఆ పొగ మీద పరిచాను. కళ్ళు మూసుకున్నాను. అట్లా ఎంతసేపైనా పడుకోవడానికి సిద్ధమైపోయాను.

"అక్కా! అక్కా, లెయ్యి!" పనామె నా భుజం కుదుపుతోంది, గొంతు తగ్గించి. "తప్పుగా అనుకోవద్దక్కా. ఈళ్ళ పద్ధతి ఏమంటే, ఊదు తెచ్చినారంటే ఇంక లెయ్యల్లని. పొగ బట్టలకి పట్టిచ్చుకోని సలామ్ చెప్పి పోవల్ల. నువ్వేమో పండుకుంటివి!"

సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్ళిరమ్మని మర్యాదగా చెబితే నేను పడక వేశాను. గబగబా లేచి జుట్టు ముడేసుకోబోతుంటే పెద్దామె చెయ్యెత్తి ఆపింది. పనామెను ఏదో అడిగింది. ఆమె ఏదో చెప్పింది. పెద్దామె మళ్ళీ అడిగింది, ఈసారి నన్ను చూస్తూ.

"మీ దేశంలో పొగ ఇట్ల జుట్టుకి ఎప్పుడు పడతారని అడిగింది. కాన్పయినోళ్ళకి పడతారని చెప్తి. అయితే..." ఆమె ఆగింది. "అయితే నువ్వు కాన్పయినదానివా అని అడుగుతాంది."

అంతవరకూ నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పిల్లలున్నారా అనే అడిగారు అందరూ. దానికి లేరన్నది నిజమే. దీనికి లేదని చెబితే అబద్ధం.

"అయ్యాను" అన్నాను. "ఆడపిల్ల. చలికాలంలో. దక్కలేదు. నేను చూడలేదు."

పనామె దాన్ని అరబ్బీలో చెప్పింది. పెద్దామె చేతులు వెనక్కి పెట్టి తన ముసుగు విప్పింది. కింద ముక్కు మీదా బుగ్గల మీదా నీలిరంగు దిగి ఉంది, ఏళ్ళ తరబడి చెమటకి దిగిన రంగు. ముడతలు పడిన మామూలు మొహం. మా పక్కింటి అవ్వ ఎవరైనా కావచ్చు. ఆవిడ ఇంకొన్ని నిప్పులు తెప్పించింది. నా భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ పడుకోబెట్టింది. జుట్టు పాయలు పాయలుగా విడదీసి, వేళ్ళతో దువ్వుతూ, పొగ పట్టించడం మొదలుపెట్టింది. వెళ్ళిపొమ్మనే పొగ కాదది. అది నాకు తెలిసింది, ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు ఏడ్చాను. గట్టిగా, సిగ్గు లేకుండా, ముక్కు కారేలా.

చాలాసేపటికి పెద్దామె ఏదో చెప్పింది, తొందర లేకుండా, ఆగి ఆగి. పనామె అంతే నెమ్మదిగా తెలుగులో చెప్పింది. "నావి కూడా పోయినాయంటాంది. నలుగురో అయిదుగురో. ఊరి ఎనక, ఇసకలోనే. కొడుకులు అబుదాబీలో పేద్ద ఇల్లు కట్టిచ్చి, రా అమ్మా అంటే పోలేదంట. ఈళ్ళని ఇడిసిపెట్టి యాడికి పోతా అంటాంది. కొడుకులు పిచ్చిదంటారంట."

నేను లేచి కూర్చున్నాను. ఎన్నాళ్ళుగానో నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట, నాకు రాని భాషలో, ఈ ముసలామె గడప దాకా వచ్చినవాళ్ళెవరికైనా చెప్పేస్తోంది. అందులో పిచ్చేముంది అన్నట్టు చెప్పేస్తోంది.

బయట వ్యాన్ హారన్ మోగింది. పనామె తలుపు తీసి, "వస్తాంది అన్నా, ఆగు" అని తెలుగులో అరిచింది. మా ఆయన బిత్తరపోయి చూస్తుండి ఉంటారు. నేను పెద్దామె కాళ్ళకి దండం పెట్టబోతే ఒప్పుకోలేదు. నా రెండు చేతులూ పట్టుకుని వదిలి, తన ముసుగు మళ్ళీ కట్టుకుంది.

వ్యాన్ కదిలింది. నా జుట్టు విరబోసుకునే ఉంది. వ్యాన్ నిండా ఊదు వాసన. ఆయన ఓరగా చూస్తున్నారు, ఏమని అడగాలో తెలియక.

"నేను ఊరికి పోను" అన్నాను. "పాప ఈడ ఉంది. దాన్నొదిలి పోను. మీరు ఏమన్నా అనుకోండి."

ఆయన గేరు మార్చారు.

"ఎక్కడ పెట్టారో నాకు చూపించండి. మీకైనా గుర్తుందా, ఆ చోటు?"

"గుర్తుండేదేంది" అన్నారు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. "శుక్రవారం శుక్రవారం పోతా ఉండా గదా."

"చేపలకని కదా పోతారు?"

"చేపలు గూడా తెస్తుండా గదా." ఎదురొచ్చిన లారీకి పక్కకి తప్పుకుని, "గుర్తుకని ఒక రాయి పెట్టినా. గాలికి ఇసక కమ్మేస్తా ఉంటది. తీసేసి వస్తుంటా" అన్నారు.

ఎన్ని శుక్రవారాలు ఆ చేపలు కడిగి ఉప్పూ కారం రాశాను! ఆలస్యం చేశారని ఎన్నిసార్లు విసుక్కున్నాను! ఆ వంటింట్లో నేనొక్కదాన్నే అనుకుంటూ నిలబడ్డ నెలలన్నీ ఈయన అక్కడ ఒక్కరే ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని ఇసక తీస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏడుస్తావని."

"ఏడవడంలేదనే కదా మీరు భయపడింది?"

కొండల మలుపులు మొదలయ్యాయి. అందర్నీ పేరుపేరునా క్షేమం అడిగే మనిషి, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నడుపుతున్నారు. మా ఇద్దరిలో ఆయన ఒక్కరే దాన్ని చూశారన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఈ లోకంలో దాని మొహం ఎరిగిన మనిషి నా పక్కనే కూర్చుని ఉన్నాడు, నేను ఒక్కసారైనా అడగలేదు.

"ఎట్టా ఉండింది?" అన్నాను.

ఆయన వ్యాన్ పక్కకి తీసి ఆపారు. ఇంజన్ కట్టేశారు. స్టీరింగ్ మీద తన వేళ్ళ వైపు చూసుకున్నారు.

"గోళ్ళు గూడా వచ్చేసుండాయిమే" అన్నారు.